శుక్రవారం లిస్టులో ఆయన పేరు

పోయిన నెల ఇక్కడ కెనడాలో, మిల్టన్‌లో మా తెలుగు చర్చి యూత్ మీటింగులో నన్ను మాట్లాడమన్నారు. వచ్చినవాళ్లలో సగం మంది కాలేజీలో చదువుకుంటూ, వారాంతాల్లో వృద్ధుల హోముల్లో పార్ట్ టైమ్ చేసే పిల్లలు. ఒకరిది గుంటూరు, ఒకరిది ఖమ్మం, ఒకరిది కర్నూలు. "ఆంటీ, మీ సర్వీసులో మీరు మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంది ముందు వరసలో కూర్చున్న అమ్మాయి. గుండె ఆగిపోయిన ఒక పెద్దావిడని బతికించిన సంగతి చెప్పాను. చప్పట్లు కొట్టారు. తర్వాత అందరం బిర్యానీ తిన్నాం.

ఇంటికొచ్చాక సిగ్గేసింది. నేను చెప్పింది నిజమే, కానీ ఆ కేసుని మర్చిపోయి చాలా కాలమైంది. మీటింగు కోసం వెతికి పట్టుకున్నాను. మర్చిపోలేనిది వేరే ఉంది. అందులో నేను ఎవర్నీ బతికించలేదు. పిల్లలూ, ఆ రోజు మీ మొహాలు చూస్తూ చెప్పలేక దాటేశాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. పేర్లు రాయడం, చెరపడం అనే పనిలోనే నా తప్పంతా ఉంది.

ఇరవై ఏళ్ల కిందటి మాట. టొరంటో దగ్గర ఏజాక్స్‌లో ఒక వృద్ధుల హోములో ఒక వార్డుకి నేను ఇన్‌ఛార్జి నర్సుని. ముప్ఫై రెండు మంచాలు, పొడవాటి కారిడార్, దాని చివర ఒక కిటికీ, కిటికీ అవతల పార్కింగ్ లాట్. నాకు రూల్స్ అంటే ప్రాణం. గోదావరి జిల్లాలో మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగ్ అయినదాన్ని. మా మేట్రన్ దుప్పటి మడతలు స్కేలు పెట్టి కొలిచేది. ఆవిడ పోయి ఎన్నేళ్లయినా నా వెనకే నిలబడి చూస్తున్నట్టుండేది. స్టాఫ్ నన్ను చాటుగా "మేజర్" అనేవాళ్లని నాకు తెలుసు. తెలిసి సంతోషించేదాన్ని కూడా.

ప్రతి శుక్రవారం ఉదయం పది గంటలకి, ఎవరికి ఏ రోజు స్నానమో రాసిన లిస్టు కారిడార్‌లో నోటీసు బోర్డుకి గుచ్చేదాన్ని. కంప్యూటర్ ఉన్నా సరే, చేత్తోనే రాసేదాన్ని. ఎర్ర పెన్నుతో గీతలు, నీలం పెన్నుతో పేర్లు. ఆ కాగితం చూసుకుని మురిసిపోయేదాన్ని. ఒక్కటే చిరాకు. సోమవారం నేను డ్యూటీకి వచ్చేసరికి బోర్డు మీద లిస్టు ఉండేది కాదు. పిన్నులు నాలుగూ మాత్రం బుద్ధిగా బోర్డుకే ఉండేవి. నా దగ్గర ఇంకో కాపీ ఉండేది కాబట్టి పని ఆగేది కాదు, కానీ ఒళ్లు మండేది.

ఇది జమైకా సిస్టర్ పనే అని నా నమ్మకం. ఆవిడ మా వార్డులో స్నానాలు చేయించి, బట్టలు మార్చి, అన్నం తినిపించే ఉద్యోగి. మీరు ఇప్పుడు పీఎస్‌డబ్ల్యూ అంటున్నారే, ఆ పని. జమైకాలో పుట్టింది, నాకంటే రెండేళ్లు పెద్దది. మా ఇద్దరికీ చర్చి అలవాటు కాబట్టి ఒకరినొకరం "సిస్టర్" అనుకునేవాళ్లం. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"లిస్టు ఏం చేశావు సిస్టర్?" అని నిలదీస్తే, "నీ అందమైన లిస్టు నాకెందుకు సిస్టర్? ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోనా?" అని పకపకా నవ్వేది. ఆవిడ నవ్వితే కారిడార్ ఆ చివర నిద్రపోతున్నవాళ్లు కూడా లేచేవాళ్లు. దాని గురించి కూడా నేను ఒకసారి నోట్ రాశాను.

ఇక ఆయన. మా వార్డుకి వచ్చేటప్పటికే తొంభై దాటాయి. పొడవు మనిషి, కాళ్లు కాస్త వంకర. ముక్కు ఎప్పుడో విరిగి ఒక పక్కకి కుదురుకుంది. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట, పాత కుట్ల మచ్చ. మతిమరుపు బాగా ముదిరింది. మాట తక్కువ. చేర్పించడానికి వచ్చిన రోజున ఆయన కూతురు, ఆవిడకే డెబ్బై ఉంటాయి, సంచిలోంచి ఒక ఫోటో తీసి చూపించింది. మోకాళ్ల దాకా నిక్కర్లు వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డ పదకొండు మంది. "కుడి నుంచి మూడోవాడు నాన్న" అంది.

ఉత్తర ఇంగ్లండులో ఒక బొగ్గు గనుల ఊరట. పద్నాలుగో ఏట గనిలోకి దిగాడు. శనివారాలు గని జట్టుకి ఆడుతుంటే ఒక పెద్ద క్లబ్బు మనిషి చూసి తీసుకెళ్లాడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పదేళ్లు ఫుట్‌బాలే ఆయన ఉద్యోగం. లెఫ్ట్ బ్యాక్, అంటే తమ గోలు ముందు ఎడమ వైపు కాపలా కాసే ఆటగాడు. ఆ కాలం బంతి తోలుది, వానలో నీళ్లు పీల్చుకుని ఇటుకలా అయ్యేది. దాన్ని కట్టిన తోలు తాడు నుదుటికి తగిలి చీరుకుపోతే, తడి స్పాంజితో తుడిచి మళ్లీ ఆడమనేవాళ్లు. క్రిస్మస్ రోజున కూడా మ్యాచ్ ఉండేదట.

"క్రిస్మస్ రోజునా?" అన్నాను నేను నోరు తెరిచి. "మరి ఆరాధనకి?"

ఆవిడ నవ్వింది. "ఊరంతా గ్రౌండ్‌లోనే ఉండేది" అంది.

నిజం చెప్పాలంటే, ఆ రోజు ఆవిడ చెప్పినదాంట్లో నా మనసుకి పట్టింది ఆ ఒక్క ముక్కే. మా ఊళ్లో క్రిస్మస్ పొద్దున చర్చికి రానివాళ్ల ఇంటికి సంఘ పెద్దలు మర్నాడు వెళ్లి కారణం అడిగేవాళ్లు. ఈయన పదేళ్లు బంతి ఆడాడంటే నాకు మింగుడు పడలేదు. అసలు సంగతి ఆవిడ ఆ తర్వాత చెప్పింది. నేను మందుల సీసాల మీద లేబుళ్లు చూస్తూ సగం చెవితో విన్నాను.

"శుక్రవారం మేనేజర్ ఒక కాగితం తెచ్చి డ్రెస్సింగ్ రూమ్ బయట బోర్డుకి గుచ్చేవాడు. అందులో పదకొండు పేర్లు. పేరుంటే రేపు ఆడతావు. లేకపోతే లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పరు, మనం అడగకూడదు. లిస్టు చూసేదాకా నాన్న ఏమీ తినేవాడు కాదని అమ్మ చెప్పేది" అంది కూతురు.

ఒక ఏడాది వాళ్ల జట్టు కప్పు పోటీలో సెమీ ఫైనల్ దాకా వెళ్లింది. అంతకు ముందు రౌండ్లన్నీ ఈయన ఆడాడు. ఆ శుక్రవారం వెళ్లి చూస్తే లిస్టులో ఈయన పేరు లేదు. ఆ చోట పంతొమ్మిదేళ్ల కొత్త ఆటగాడి పేరు. మేనేజర్ పొద్దున ఎదురుపడి గుడ్ మార్నింగ్ చెప్పాడట, ఒక్క ముక్క అనలేదు. ఈయన నేరుగా ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపి, "గుడ్ లక్, అబ్బాయ్" అన్నాడు. మర్నాడు పన్నెండో మనిషిగా వెళ్లి, బూట్లు బ్రౌన్ పేపర్లో చుట్టి చంకలో పెట్టుకుని, ఓవర్‌కోటులో కూర్చుని మ్యాచ్ చూశాడు. ఆ రోజుల్లో ఆట మధ్యలో మనిషిని మార్చడం లేదు. మొదలవక ముందు ఎవరికైనా జబ్బు చేస్తేనే పన్నెండోవాడికి పని. ఎవరికీ జబ్బు చెయ్యలేదు.

ఆ తర్వాత పెద్ద జట్టు లిస్టులో ఆయన పేరు మళ్లీ రాలేదు. రిజర్వు జట్టులో ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాడు. తిరిగి గనిలోకి దిగాడు. యుద్ధం అయిపోయాక భార్యనీ కూతుర్నీ తీసుకుని ఓడెక్కి కెనడా వచ్చి, ఓషావాలో కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్లు పనిచేశాడు. ఇంట్లో ఫుట్‌బాల్ మాట ఎత్తేవాడు కాదట. ఈ ఒక్క కథ కూడా అమ్మే చెప్పింది, నాన్న కాదు అంది కూతురు.

ఇదంతా విని నేను చార్టులో ఏం రాశానో తెలుసా? "మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు. టీవీలో సాకర్ ఇష్టపడవచ్చు." అంతే. ఒక మనిషి జీవితాన్ని ఒకటిన్నర లైన్లలో సర్దేశాను. శనివారాలు ఆయన్ని టీవీ ముందు కూర్చోబెడితే, కుర్చీ తిప్పుకుని పార్కింగ్ లాట్ వైపు చూసేవాడు. "ఇష్టపడలేదు" అని అది కూడా రాశాను.

కానీ శుక్రవారం వచ్చిందంటే ఆయన వేరే మనిషి. తెల్లారగానే గడ్డం గీయమనేవాడు. టిఫిన్ ముట్టేవాడు కాదు. పది గంటలకి నేను లిస్టు గుచ్చి పక్కకి తప్పుకోగానే, వాకర్ తోసుకుంటూ వచ్చి బోర్డు ముందు నిటారుగా నిలబడేవాడు. ఒక చేత్తో వాకర్ పట్టుకుని, రెండో చేతి వేలు లిస్టు మీద పైనుంచి కిందికి జరిపేవాడు. తన పేరు దొరకగానే రెండుసార్లు తట్టేవాడు. అప్పుడు నేరుగా డైనింగ్ హాల్‌కి వెళ్లి, రెండు కోడిగుడ్లూ టోస్టూ తిని, ఇంకో టోస్టు అడిగేవాడు.

"స్నానమంటే ఇంత మోజున్న మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు" అని నేను జోకులేసేదాన్ని.

ఆయన స్నానం మంగళవారం ఒకటి, శనివారం మధ్యాహ్నం ఒకటి. శనివారం స్నానానికి తన నల్ల బూట్లు బ్రౌన్ పేపర్లో చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఆ రోజుల్లో మ్యాచ్ అయ్యాక జట్టంతా వేడినీళ్ల తొట్లో దిగేదట. తొట్లో వేడినీళ్లలో కూర్చోబెట్టాక జమైకా సిస్టర్‌ని అడిగేవాడు.

"గెలిచామా?"

"రెండు - ఒకటి. మనమే గెలిచాం" అనేది ఆవిడ, వీపు రుద్దుతూ.

ఒకసారి ఊరికే ఏడిపిద్దామని "డ్రా అయింది" అందట. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. అప్పట్నుంచి ఏ శనివారమైనా రెండు - ఒకటే.

ఒక ఏడాదిన్నర ఇలా గడిచింది. తర్వాత హోము కొత్త రూలు పెట్టింది. రెసిడెంట్ల పేర్లు, ఏ రకమైన వివరాలూ గోడల మీద కనిపించకూడదు. ప్రైవసీ. మంచి రూలే, ఇప్పటికీ మంచి రూలే అంటాను. ఎవరికి ఎప్పుడు స్నానమో వచ్చేపోయేవాళ్లందరికీ ఎందుకు? పై వారం నుంచి అమలు చేయమని హోము మేనేజర్ చెప్పింది. నేను ఆ గురువారం సాయంత్రమే అమలు చేశాను. లిస్టు పెట్టే చోట ఆ వారం భోజనాల మెనూ అంటించాను. మిగతా వార్డుల కంటే మూడు రోజులు ముందు. అదో గొప్ప నాకు.

శుక్రవారం పది గంటలకి ఆయన వచ్చాడు, నున్నగా గడ్డం గీయించుకుని. వేలు పైనుంచి కిందికి జరిపాడు. టమాటా సూప్. చేప. బంగాళదుంపల ముద్ద. చివరిదాకా వెళ్లి మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు. మూడుసార్లు చదివాడు. తర్వాత వెనక్కి జరిగి, భుజాలు సరిచేసుకుని, బోర్డు పక్కన చక్రాల కుర్చీలో కునుకు తీస్తున్న ఇంకో ముసలాయన చెయ్యి అందుకుని ఊపాడు.

"గుడ్ లక్, అబ్బాయ్" అన్నాడు.

కుర్చీలో ముసలాయన మేలుకుని "థాంక్యూ" అన్నాడు పాపం, ఎందుకో తెలియకపోయినా. నర్సుల డెస్కు దగ్గర నుంచి చూసి నేను నవ్వాను. ఈ మాట రాయడానికి చాలా కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను. నాకు కథ తెలుసు. కూతురు నా ఎదురుగా నిలబడి, సరిగ్గా ఇవే మాటలు చెప్పింది. అయినా నవ్వాను.

ఆయన గదికి వెళ్లి బూట్లు మంచం కిందకి తోసేసి కూర్చున్నాడు. ఆ రోజు తినలేదు. మర్నాడు కొంచెం సూప్ తాగాడు. స్నానానికి రమ్మంటే, "నేను ఆడలేదు కదా" అన్నాడట జమైకా సిస్టర్‌తో.

నేను నాకు తెలిసినవన్నీ చేశాను. టెంపరేచర్ చూశాను, మూత్రం టెస్టుకి పంపాను, మలబద్ధకానికి మందిచ్చాను, డాక్టర్‌ని పిలిపించాను, పళ్లు చూపించాను. వారం వారం బరువు చూసి చార్టులో గీత కిందికి గీశాను. అన్నీ రూలు ప్రకారం, ఒక్క లోపం లేకుండా. మూడో వారం జమైకా సిస్టర్ నా డెస్కు దగ్గరికి వచ్చింది. నవ్వు లేదు.

"ఆయనకి జబ్బేం లేదు సిస్టర్. లిస్టులో పేరు లేదు, అంతే. ఆయన పాత కథ కూతురు నాకూ చెప్పింది. ఒక కాగితం మీద ఆయన పేరు రాసి పెట్టు."

"రూలు ఒప్పుకోదు."

"ఒక్క పేరు సిస్టర్."

"ఇవాళ ఒక్క పేరు, రేపు ముప్ఫై రెండు. ఇన్‌స్పెక్షన్ ఏ రోజైనా రావచ్చు."

"బోర్డు మీద పేరు లేకపోవడం అంటే ఏంటో నీకు తెలీదు" అంది.

తెలుసు. అందుకే కోపమొచ్చింది. నర్సింగ్ స్కూల్ సెలెక్షన్ లిస్టు పెట్టిన రోజున మా నాన్నతో కలిసి వెళ్లాను. ఇరవై పేర్లలో నాది లేదు. మా నాన్న సైకిలు తొక్కకుండా, నా పక్కన నడిపించుకుంటూ ఐదు మైళ్లు వచ్చాడు. వారం తర్వాత ఎవరో మానేస్తే రెండో లిస్టులో నా పేరు వచ్చింది. ఆ వారం రోజులూ అమ్మ కంచంలో పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. ఇంత అనుభవం ఉన్నదాన్ని, జమైకా సిస్టర్‌తో ఏమన్నానంటే, "ఈ వార్డుకి ఇన్‌ఛార్జి నేనా, నువ్వా?" అన్నాను.

తర్వాతి శుక్రవారం. పది కావడానికి ఐదు నిమిషాలుంది. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్‌లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ కారు దిగుతోంది. చెప్పకుండా వచ్చింది. నేను పరుగులాంటి నడకతో కారిడార్ అంతా చూసుకుంటూ వచ్చాను. నోటీసు బోర్డు దగ్గర ఆగాను. మెనూ మీద ఒక తెల్ల కాగితం గుచ్చి ఉంది. ఎర్ర గీతలు, నీలం అక్షరాలు. అచ్చం నా లిస్టులా ఉండాలని తిప్పలు పడి రాసినట్టు తెలుస్తూనే ఉంది. పదకొండు పేర్లు. మూడో పేరు ఆయనది. మిగతా పదీ మా రెసిడెంట్లవి కావు. అవి జమైకా సిస్టర్ తమ్ముళ్లవీ, వాళ్ల చర్చి పాటల బృందం వాళ్లవీ అని తర్వాత తెలిసింది.

తల తిప్పితే ఆయన వస్తున్నాడు. మూడు వారాలుగా గది దాటని మనిషి. గడ్డం గీయించుకున్నాడు. చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది. జమైకా సిస్టర్ పక్కనే, చెయ్యి ఆయన వీపు వెనక ఆన్చీ ఆన్చకుండా నడుస్తోంది. ఆయన బోర్డుకి ఇంకా నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అటు మెయిన్ డోర్ బజర్ మోగింది.

నేను ఆ కాగితం లాగేశాను. పిన్నుల దగ్గర చిరిగి మూలలు బోర్డుకే ఉండిపోయాయి. ఉండచుట్టి యూనిఫాం జేబులో కుక్కుకున్నాను.

ఆయన ఆగిపోయాడు. బోర్డు వైపు చూడలేదు. నా చేతి వైపు చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు.

"రైట్ బాస్" అన్నాడు. అంతే. వాకర్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ కారిడార్‌లోకి రానే లేదు. వంటగదిలో ఫ్రిజ్ టెంపరేచర్లు చూసి, ఫైర్ అలారం పుస్తకం తిరగేసి, కాఫీ తాగి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను జమైకా సిస్టర్‌కి వార్నింగ్ లెటర్ రాశాను. ఇన్‌ఛార్జి మాట ధిక్కరించినందుకు. ఆవిడ చదివింది, సంతకం పెట్టింది, పెన్ను నా ముందు పెట్టింది.

"నువ్వు ఆయన మొహం చూశావా సిస్టర్?"

"లేదు" అన్నాను. అబద్ధం.

ఆ ఆదివారం కూతురు వచ్చింది. ఆయన మంచం దిగడం మానేశాడు. "నాన్న ఇంతలో ఇలా అయిపోయాడేంటి?" అని అడిగింది. వయసు అండీ అన్నాను. ఆవిడ తలూపి నా చెయ్యి నొక్కింది. నేను బాధపడుతున్నానని నన్ను ఓదార్చింది.

నాలుగు రోజులు నిద్ర లేదు, ప్రార్థన కుదరలేదు. గురువారం కూతురికి ఫోన్ చేసి, నాన్నగారి పేరు బోర్డు మీద రాయడానికి మీ అనుమతి కావాలి అన్నాను. "అయ్యో, దానికేముంది, రాయండి" అంది. ఫ్యాక్సులో కాగితం పంపాను, సంతకం చేసి వెంటనే పంపించింది. కుటుంబం ఒప్పుకుంటే పేరు రాయొచ్చని రూలులోనే ఉంది, రెండో పేజీలో. అంతా కలిపి పది నిమిషాల పని. రూలంటే ప్రాణమనే మనిషిని, రెండో పేజీ తిప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే వచ్చి కూర్చుని రాశాను. ఎర్ర గీతలు, నీలం పేర్లు. మూడో పేరు ఆయనది. మిగతా పదీ జమైకా సిస్టర్ కాగితంలోవే. అంత శ్రద్ధగా నేను పరీక్ష కూడా రాయలేదు. పది గంటలకి బోర్డుకి గుచ్చి ఎదురుచూశాను. ఆయన రాలేదు. పదిన్నరకి లిస్టు తీసి, అట్ట మీద పెట్టుకుని ఆయన గదికి పట్టుకెళ్లాను. కళ్లజోడు పెట్టి, వేలు పట్టుకుని కాగితం మీద ఆన్చాను. వేలు తనంతట తనే కిందికి జరిగింది. మూడో పేరు దగ్గర ఆగింది.

తట్టలేదు. తల ఎత్తి నన్ను చూశాడు. చాలా మర్యాదగా, ఒక పెద్దమనిషి ఇంకొకరికి చెప్పినట్టు చెప్పాడు.

"మోకాలు బాగాలేదు బాస్. కుర్రాణ్ణే ఆడించండి."

ఆ తర్వాతి వారం పోయాడు.

అంత్యక్రియలు ఓషావాలో ఒక చిన్న చాపెల్‌లో జరిగాయి. పదిహేను మంది కూడా లేరు. జమైకా సిస్టరూ నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ప్రార్థన అయ్యాక కూతురు ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. "నాన్న బట్టల అలమరాలో దొరికింది" అని మూత తీసింది.

నా లిస్టులు. నాలుగు మడతలు పెట్టి, ఒకదాని మీద ఒకటి. ఏడాదిన్నర స్నానాల లిస్టులు. ప్రతిదాంట్లో ఆయన పేరు దగ్గర వేలితో తట్టీ తట్టీ కాగితం కాస్త నల్లబడింది. ఇన్నాళ్లూ జమైకా సిస్టర్‌ని దొంగని చేశాను, తీసింది ఈయన. సోమవారం పొద్దున లిస్టు పోయిందని నేను కారిడార్‌లో కేకలేస్తుంటే, వినే ఉంటాడు.

"ఇది మీ చేతిరాత కదా" అంది కూతురు. కళ్లు తడిగా ఉన్నా మొహం వెలిగిపోతోంది. "ఒక్క వారం కూడా తప్పకుండా నాన్నని ఆడించారు. ఆ మేనేజర్ చేసిన గాయం మీరు మాన్పారు. చివర్లో కూడా పేరు రాస్తానని ఫోన్ చేశారు. దేవుడు మిమ్మల్ని దీవించాలి."

నేను ఏమన్నానో తెలుసా? "థాంక్యూ" అన్నాను. ఆవిడ కౌగిలించుకుంటే కౌగిలించుకున్నాను. ఆ డబ్బాలో చివరి మూడు నాలుగు వారాల లిస్టులు ఎందుకు లేవో ఆవిడ గమనించలేదు. పక్కన జమైకా సిస్టర్ చేతులు కట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడింది. ఆవిడ ఒక్క ముక్క చెబితే నా బండారం బయటపడేది. చెప్పలేదు.

బయట బస్ స్టాపు దగ్గర చలిలో నిలబడ్డాం. "నేను ఆవిడకి నిజం చెప్పాల్సింది" అన్నాను.

"అయితే వెళ్లి చెప్పు" అంది జమైకా సిస్టర్. "ఆవిడ ఇంకా లోపలే ఉంది."

వెనక్కి తిరిగి చూశాను. చాపెల్ తలుపు తెరిచే ఉంది. లోపల కూతురు కుర్చీలో కూర్చుని డబ్బాలోంచి ఒక్కో లిస్టూ తీసి చూసుకుంటోంది. అంతలో బస్సు వచ్చింది. నాకు రెండింటికి డ్యూటీ. నేను బస్సెక్కాను.

ఆ వార్నింగ్ లెటర్ కూడా నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఎందుకని అడుగుతారు, అడిగితే అంతా చెప్పాలి. ఆ కాగితం ఫైల్లో ఉన్నందువల్ల రెండేళ్ల తర్వాత జమైకా సిస్టర్‌కి రావాల్సిన సీనియర్ పోస్టు ఇంకొకరికి పోయింది. ఆవిడ కొత్తగా వచ్చినావిడకి చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పడం నేను నా డెస్కు దగ్గర నుంచి చూశాను. అప్పుడు మాత్రం నవ్వలేదు.

పిల్లలూ, మీరు హోముల్లో పనిచేసేటప్పుడు రూల్స్ పాటించండి. రూలు నా శత్రువని నేను అనడం లేదు. కానీ రూలు చాటున దాక్కున్నది ఎవరో, ఎందుకో చూసుకోండి. నేను దాక్కున్నది భయంతో, గర్వంతో. ఆయనకి ఏం కావాలో ఆయన కూతురు చెప్పింది, జమైకా సిస్టర్ చెప్పింది, చివరికి ఆయనే చెప్పాడు. నేను ముగ్గురి మాటా చార్టులో రాసుకోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, జమైకా సిస్టర్ ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. పోయిన క్రిస్మస్ కార్డులో నాలుగు లైన్లు ఎక్కువ రాసింది. "ఆయన కూతురికి ఇప్పుడు తొంభై. ఏజాక్స్‌లో అదే హోములో, మన వార్డులోనే చేరింది. నేను వెళ్లి చూసొచ్చాను, వినికిడి తగ్గింది కానీ మతి చాలా బాగుంది, ఆ బిస్కెట్ల డబ్బా మంచం పక్కనే పెట్టుకుంది, నీ గురించి అడిగింది" అని రాసింది. కింద ఒక్క వాక్యం: "ఆవిడ ఇంకా లోపలే ఉంది సిస్టర్."

ఆ కార్డు వచ్చి ఐదు నెలలైంది. మిల్టన్‌లో రైలెక్కి టొరంటోలో మారితే ఏజాక్స్. టైమ్ టేబుల్ ఎన్నిసార్లు చూశానో. వెళ్లే బదులు కూర్చుని ఇది రాశాను. అదీ తెలుగులో, వాళ్లిద్దరికీ ఒక్క అక్షరం రాని భాషలో. ఇంత ధైర్యం ఎలా వచ్చిందా అనుకున్నాను. రాసేశాక అర్థమైంది.

కాబట్టి వచ్చే ఆదివారం చర్చిలో కనిపిస్తే, "బాగా రాశారాంటీ" అనొద్దు. "వెళ్లొచ్చారా?" అని అడగండి. వెళ్లలేదంటే ఆ పై ఆదివారం మళ్లీ అడగండి.